కొత్త దేశంలో తొలినాళ్ల నిద్ర

శ్రోతలకు నమస్కారం.

ఒంటరిగా విదేశ ప్రయాణం చేసి వచ్చినవారిని పలకరిస్తే చూసిన ఊళ్ల గురించి చెబుతారు, పరిచయమైన మనుషుల గురించి చెబుతారు, రైలు తప్పిపోయిన సంగతి కూడా ఉత్సాహంగానే చెబుతారు. అక్కడ దిగిన కొత్తలో రాత్రులు ఎలా గడిచాయన్నది మాత్రం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప చెప్పరు. ఈ ప్రసంగంలో నేను ఆ రాత్రుల గురించే మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే వీసాల గురించీ, విమానాల గురించీ, సామాను సర్దుకోవడం గురించీ సలహాలు చెప్పేవారు ఎందరో ఉన్నారు గాని, ఆ రాత్రులకు మనసును ముందుగా సిద్ధం చేసేవారు చాలా తక్కువ.

పరాయి దేశంలో ఒక్కరే దిగిన మనిషికి ఆ రోజు రాత్రి తొందరగా నిద్ర పట్టదు. పట్టినా నిలవదు. వరండాలో ఎవరో నడిచిన అలికిడికి మెలకువ వస్తుంది, పక్క గది తలుపు పడిన చప్పుడుకు మెలకువ వస్తుంది, ఏ చప్పుడూ లేకపోయినా మెలకువ వస్తుంది. రెండింటికో మూడింటికో లేచి కూర్చుంటే, పగలు దగ్గరికి రాని ఆలోచనలన్నీ ఒక్కసారిగా ముసురుకుంటాయి. అసలు ఎందుకు వచ్చాను, ఇది నా వల్ల అయ్యే పనేనా, టికెట్ మార్చుకుని వెనక్కి వెళ్లిపోతే నయం కదా అనిపిస్తుంది. ఆ వేళలో ఫోన్ తీసి తిరుగు విమానాల కోసం వెతికినవారిని నేను ఎరుగుదును. వారిలో పిరికివారు ఒక్కరూ లేరు. తోడుంటే ఆ మాట పక్కవారితో అనేసి పడుకుంటాము. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట మనలోనే తిరిగి తిరిగి పెద్దదవుతుంది. ఆ కలతకు శరీరంలో కారణాలున్నాయి, దానికి ఒక గడువు కూడా ఉంది. ఈ రెండు సంగతులూ బయలుదేరకముందే తెలిసి ఉంటే, ఆ రాత్రి మూడు గంటలకు చాలా తేడా పడుతుందని నా నమ్మకం.

నిద్రను పరిశీలించే శాస్త్రజ్ఞులకు ఇది చాలాకాలంగా పరిచయమున్న విషయమే. ఎవరినైనా ప్రయోగశాలకు రప్పించి, తలకు తీగలు అమర్చి పడుకోబెడితే, ఎంత ఆరోగ్యవంతులైనా మొదటిసారి సరిగా నిద్రపోరు. మరోసారి వచ్చేసరికి కుదుటపడతారు. 1966లోనే దీని మీద ఒక పరిశోధన పత్రం వెలువడింది. అయితే పరిశోధకులు దీనిని తమ పనికి అడ్డంకిగానే చూసి, మొదటి రోజు కొలతలను పక్కన పెట్టి, తరువాతి కొలతలనే లెక్కలోకి తీసుకోవడం అలవాటు చేసుకున్నారు.

అలా పక్కన పెట్టేసిన రోజులోనే ఏముందో చూద్దామని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకి, యుకా ససాకి, వారి సహచరులు పూనుకున్నారు. 2016లో వారు ప్రకటించిన ఈ ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. గాఢనిద్రలో మన మెదడు నుంచి నెమ్మదిగా, ఎత్తుగా సాగే విద్యుత్ తరంగాలు వెలువడతాయి. ఆ తరంగాలు ఎంత బలంగా ఉంటే నిద్ర అంత గాఢమైనదని లెక్క. ప్రయోగశాలలో మొదటిసారి పడుకున్నవారి మెదడును కుడి సగం, ఎడమ సగం విడివిడిగా కొలిచి చూస్తే, రెండు సగాలూ సమానంగా నిద్రపోవడం లేదని తేలింది. మనసు ఏ పనీ లేకుండా ఊరికే సంచరిస్తున్నప్పుడు చురుకుగా ఉండే ఒక నాడీజాలం ఉంది. ఆ జాలంలో కుడివైపు గాఢంగా నిద్రపోతుండగా, ఎడమవైపు నిద్ర తేలికగా ఉంది.

ఆ ఎడమ సగం తేలికగా నిద్రపోతూ ఏం చేస్తున్నది? దానిని తెలుసుకోవడానికి వారు నిద్రపోతున్నవారి చెవులకు చిన్న చిన్న శబ్దాలు వినిపించారు. ఒకే రకం శబ్దం మళ్లీ మళ్లీ వస్తూ, ఎప్పుడో ఒకసారి దానికి భిన్నమైన శబ్దం వస్తుంది. ఆ భిన్నమైన శబ్దం వచ్చినప్పుడల్లా ఎడమ సగం ఉలిక్కిపడినట్టు స్పందించింది. కుడి సగం అంతగా పట్టించుకోలేదు. తరువాత ఇంకొక పని చేశారు. నిద్రలో శబ్దం వినపడితే వేలితో తట్టమని ముందుగా చెప్పి పడుకోబెట్టారు. కుడి చెవిలో పడిన శబ్దం ప్రధానంగా మెదడులోని ఎడమ సగానికి చేరుతుంది. ఆ కుడి చెవిలో శబ్దం పడినప్పుడు మనుషులు ఎక్కువసార్లు మేల్కొన్నారు, తొందరగా వేలు కదిపారు. సుమారు వారం తరువాత అదే మనుషులు, అదే చోట పడుకున్నప్పుడు ఎడమకూ కుడికీ మధ్య ఆ తేడా కనిపించలేదు.

ఈ మాట మళ్లీ చెబుతాను. మొదటిసారి పడుకున్నప్పుడు మెదడులో ఒక సగం పహరా కాసింది. చోటు అలవాటయ్యాక పహరా ఎత్తివేసింది. పరిశోధకులు కొలిచినది రాత్రంతటినీ కాక, ఆ నిద్రలోని మొదటి దఫాను మాత్రమే గనుక, దీని నుంచి అంతకు మించిన అర్థాలు లాగకూడదు. అయినా కొత్త గదిలో తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి లేచిన మనిషికి, తనలోనే ఒక భాగం తన క్షేమం కోసం మేలుకొని ఉందని తెలియడం చిన్న ఓదార్పు కాదు.

పక్షులలో ఈ పహరా ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1999లో నీల్స్ రాటెన్‌బోర్గ్, ఆయన సహచరులు మల్లార్డ్ జాతి బాతులను వరుసగా నిలిపి, అవి నిద్రపోయే తీరును గమనించారు. వరుస మధ్యలో, అటూ ఇటూ తోడున్న బాతులు ఎక్కువగా రెండు కళ్లూ మూసుకుని నిద్రపోయాయి. వరుస చివరన ఉన్న బాతులు మాత్రం చాలా ఎక్కువసేపు ఒక కన్ను తెరిచి ఉంచి నిద్రపోయాయి. ఆ తెరిచిన కన్ను గుంపువైపు కాక, ఎవరూ లేని దిక్కుకు చూస్తూ ఉంది. మనిషి మెదడు బాతు మెదడువంటిది కాదు. అయినా ఒంటరి ప్రయాణికుడు వరుస చివరి బాతులాంటివాడు. అతనికి రెండు పక్కలా ఎవరూ లేరు.

ఇక రెండో కారణం, జెట్‌లాగ్, అంటే విమానంలో గంటల తేడా దాటి వెళ్లినప్పుడు శరీరం ఇంకా పాత ఊరి వేళల్లోనే ఉండిపోవడం. దీని గురించి అందరూ ఎంతో కొంత వినే ఉంటారు గనుక క్లుప్తంగా చెబుతాను. మన మెదడులో సుమారు 20,000 నాడీకణాలతో కూడిన ఒక చిన్న కేంద్రం జీవగడియారంలా పనిచేస్తూ, కంటికి అందే వెలుతురును బట్టి తన వేళను సరిచేసుకుంటూ ఉంటుంది. ఆ సర్దుబాటు స్థూలంగా రోజుకు ఒక గంట చొప్పున సాగుతుంది. మనిషి సొంత గడియారం 24 గంటల కంటే కాస్త నిదానంగా నడుస్తుంది. అందువల్ల రోజు పొడుగయ్యే పడమటి ప్రయాణం కంటే రోజు కురచయ్యే తూర్పు ప్రయాణం చాలామందికి కష్టంగా ఉంటుంది. తూర్పుగా ఆరు నుంచి ఎనిమిది గంటల తేడా దాటి తెల్లవారేసరికి దిగినవారు, ఆ మొదటి రోజు ఉదయపు ఎండలో ఎక్కువసేపు ఉంటే గడియారం వెనక్కి జరిగే అవకాశం ఉంది. వారు మధ్యాహ్నం నుంచి బయటి వెలుతురులో తిరగడం, ఆ తరువాత ఆ వేళను రోజుకు ఒక గంట చొప్పున ముందుకు తెచ్చుకోవడం మేలు. పడమటికి వెళ్లినవారికి సాయంకాలపు వెలుతురు సాయపడుతుంది.

ఈ రెండు కారణాలూ ఒకే రాత్రి, ఒకే మనిషి మీద పడతాయి. శరీరం తనకు పట్టపగలనుకుంటున్న వేళ నిద్రపోవాలి; మెదడులో సగం కాపలాలో ఉండగా నిద్రపోవాలి. అయితే ఈ రెండింటి స్వభావం ఒకటి కాదు. గడియారాన్ని మనం ఆజ్ఞాపించలేము. అది తన వేగంతోనే సర్దుకుంటుంది. చోటు కొత్తదన్నది మాత్రం మన చేతిలో ఉన్న విషయం. అందుకే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న సలహా ఒక్కటే. ఒంటరిగా విదేశానికి వెళ్లేవారు కనీసం మొదటి మూడు రాత్రులు గది మార్చకండి.

ఇది మరీ చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఒంటరిగా వెళ్లేవారు వేసుకునే ప్రణాళికలను చూడండి. ఉన్నది కొద్ది రోజులే, ఖర్చు పెట్టినది చాలా ఎక్కువ, కాబట్టి దిగిన ఊళ్లో ఒక రాత్రి, మరుసటి ఊళ్లో ఒక రాత్రి, ఆ పై ఊళ్లో ఒక రాత్రి అని రాసుకుంటారు. కాగితం మీద అది సమయాన్ని చక్కగా వాడుకున్నట్టే కనిపిస్తుంది. కాని గది మారినప్పుడల్లా మెదడుకు చోటు కొత్తదవుతుంది, చోటు కొత్తదయినప్పుడల్లా పహరా మళ్లీ మొదటికి వస్తుంది. పగలంతా చూసినది రాత్రి నిద్ర లేక మసకబారిపోతుంది. ఒక ఊరు తగ్గినా ఫరవాలేదని నేను గట్టిగా అంటాను. రాకపోకల వల్ల రెండో రోజే ఊరు మారక తప్పనివారు, ఆ రెండో ఊళ్లోనైనా మూడు రాత్రులు వరుసగా ఉండేటట్టు చూసుకోవాలి.

ఒకే గదిలో ఉండడం వల్ల పగటికి కూడా మేలుంది. మొదటి రోజు కంగారుగా నడిచిన వీధి రెండో రోజు దారి అవుతుంది. ఏ మూల తిరగాలో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, చీకటి పడ్డాక ఏ వీధిలో జనం ఉంటారో పాదాలకు తెలిసిపోతుంది. బస దగ్గర ఉండే మనిషి మన ముఖం గుర్తుపడతాడు. మనం రాత్రికి తిరిగి రాకపోతే గమనించేవారు ఆ దేశంలో ఒకరు ఉన్నారన్నది, ఒంటరిగా ఉన్నవారికి ఎంత విలువైన సంగతో వేరే చెప్పనక్కరలేదు. దిగిన వెంటనే చాలా దేశాలలో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎక్కడ ఉంటారని అడుగుతారు. అప్పుడు చెప్పే చిరునామా మూడు రోజులూ మారకుండా ఉంటుంది. ఆ చిరునామాను ఫోన్‌లోనే కాక, ఆ దేశపు లిపిలో ఒక కాగితం మీద కూడా రాయించుకుని, పాస్‌పోర్ట్ నకలుతో పాటు వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిన వేళ, టాక్సీ నడిపే మనిషికి ఆ కాగితం చూపిస్తే చాలు.

ఇక రాత్రి మూడు గంటల ఆలోచనల విషయం. ఈ మూడు రాత్రులలోనూ ప్రయాణం మానుకోవాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం చీకట్లో తీసుకోకండి. తిరిగి వెళ్లాలనిపిస్తే ఆ మాట ఒక కాగితం మీద రాసి పెట్టి, నాలుగో రోజు పగటిపూట చదవండి. అప్పుడు కూడా అలాగే అనిపిస్తే వెళ్లిపోవడంలో ఏ తప్పూ లేదు. ఇంటికి ఫోన్ చేయడం కూడా వీలైనంతవరకు పగటివేళకే ఉంచుకోండి. రాత్రి మూడింటికి మన గొంతులో వినిపించే కలత, అవతల ఉన్నవారికి రోజంతా భారమవుతుంది.

ఒక్క సందర్భానికి మాత్రం ఈ సలహా వర్తించదు. తలుపు గడియ సరిగా పడకపోయినా, ఎవరైనా అకారణంగా తలుపు తట్టినా, బస చుట్టుపక్కల నిజంగానే భయం గొలిపేవిధంగా ఉన్నా, మూడు రాత్రుల లెక్క పక్కన పెట్టి ఆ రోజే గది మార్చుకోవాలి. కారణం చెప్పలేని కలత ఒకటి, వేలు పెట్టి చూపించగల కారణం ఒకటి. ఒంటరి స్త్రీలకు ఈ తేడా నేను చెప్పవలసిన పని లేదు. వారు దానిని అనుక్షణం బేరీజు వేసుకుంటూనే ప్రయాణం చేస్తారు.

చివరగా, గది మాట్లాడుకునేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గది వీధివైపు ఉందా, లోపలివైపు ఉందా అని అడగండి. లిఫ్ట్ పక్కన కాకుండా దూరంగా ఇమ్మని అడగండి. తెల్లవారుజామున దిగే విమానమైతే, చాలాచోట్ల మధ్యాహ్నం దాకా గది అప్పగించరు గనుక, ఆలోగా సామాను పెట్టుకోవడానికీ, ముఖం కడుక్కోవడానికీ చోటు ఇస్తారేమో ముందే రాసి కనుక్కోండి. మూడు రాత్రులకూ ఒకేసారి, ఒకే గదికి బుక్ చేసుకోండి. విడివిడిగా చేసుకుంటే మధ్యలో గది మారమనే అవకాశం ఉంది.