ఈ వారం సినిమా రివ్యూ లేదు, మా ఇంటి ఓటీటీల రివ్యూ!

హలో అండీ, అందరికీ నమస్కారం. శుక్రవారం సినిమా రివ్యూ కోసం వచ్చినవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నిన్న రాత్రి క్రెడిట్ కార్డు బిల్లు చూశాను. ఆటో పేలో డబ్బులు పోతున్న ఓటీటీలు నాలుగు. మేం నిజంగా చూస్తున్నవి రెండు. అందుకే ఈసారి ఆ యాప్‌లనే రివ్యూ చేసేద్దామని కూర్చున్నా.

ముందు ఫ్లాష్‌బ్యాక్. 2016లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో రెండూ మన దేశంలోకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది. అయినా మన ఇళ్లలో సాయంత్రం రిమోట్ సీరియళ్లదే. 2020 మార్చిలో థియేటర్లు మూతపడ్డాకే కథ మలుపు తిరిగింది. ఆ ఉగాదికే తెలుగు ఓటీటీ ‘ఆహా’ మొదలైంది. సెప్టెంబరులో నాని ‘వి’ నేరుగా ప్రైమ్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది వెంకటేష్ సినిమాలు రెండు, ‘నారప్ప’, ‘దృశ్యం 2’, అదే దారిలో వచ్చాయి.

వెంకీ సినిమా అంటే పిల్లాజెల్లా అంతా ఆటో కట్టించుకుని వెళ్లే ఇల్లండీ మాది. అలాంటిది ఇంటి హాల్లో చాప పరుచుకుని చూశాం. మధ్యలో అమ్మ లేచి, "కాస్త ఆపరా, పప్పు దించి వస్తా" అంది. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో డైరెక్టర్ కాదు, మా కుక్కర్ డిసైడ్ చేసింది.

ప్లస్ పాయింట్లు చెప్తాను. పెద్ద హీరో లేని కథకి ఓ చోటు దొరికింది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో శివాజీ, వాసుకి చేసిన నైంటీస్ సిరీస్ తీసుకోండి. ఓ లెక్కల మాస్టారి ఇల్లు, మార్కుల గొడవ, అంతే కథ. ఇదే థియేటర్‌కి వస్తే సోమవారం మార్నింగ్ షోకి ఎంతమంది వెళ్లేవాళ్లు? నేనైతే వెళ్లేవాణ్ని కాదు, ఒప్పుకుంటా. ఇంట్లో ఉంది కాబట్టి చూశాం. చూశాక మా నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ మాస్టారు ఆయనే మరి! ఇక డబ్బింగ్ మలయాళం సినిమాలంటారా, అమ్మ దృష్టిలో ఫహాద్ ఫాజిల్ ఎప్పుడో మనవాడైపోయాడు.

ఇప్పుడు మైనస్‌లు. "ఓటీటీలోకి వచ్చాక చూద్దాంలే". ఈ ఒక్క మాటే థియేటర్ల కొంప ముంచుతోందని నిర్మాతల బాధ. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ కూర్చుని మాట్లాడుకున్నారు, రిలీజైన ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వొద్దనుకున్నారు. కానీ ఆ తర్వాత కూడా ఎన్ని సినిమాలు నెల తిరక్కుండానే వచ్చేశాయో మీకు తెలుసు. నా మాట ఏంటంటే, తప్పు ప్రేక్షకుడి మీద తోసేస్తే లాభం లేదండీ. నలుగురున్న ఇల్లు టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ లెక్కేసుకుంటుంది కదా.

అసలు మైనస్ ఇంకోటుంది. కేబుల్ టీవీ యాడ్స్ భరించలేకే కదా మనం ఇటు వచ్చింది? 2025 జూన్ నుంచి ప్రైమ్‌లోనూ యాడ్స్. వద్దనుకుంటే నెలకి ఇంకో 129 రూపాయలు. 2023లో నెట్‌ఫ్లిక్స్ ఒక అకౌంట్ ఒక ఇంటికే అంది. పాస్‌వర్డ్ మీద నిలబడ్డ బావా బావమరుదుల బంధాలు ఎన్ని దెబ్బతిన్నాయో పాపం! న్యాయంగా చెప్పాలంటే, 2021 డిసెంబరులో మొబైల్ ప్లాన్‌ని 199 నుంచి 149కి తగ్గించింది కూడా వాళ్లే. ఇక హాట్‌స్టార్, జియోసినిమా 2025 ఫిబ్రవరిలో కలిసిపోయి ఒకటే యాప్ అయ్యాయి.

మొన్న ఇంటర్నెట్ కనెక్షన్ అబ్బాయి వచ్చి, "సార్, ఈ ప్యాక్ తీసుకుంటే ఓటీటీలన్నీ ఒకే బిల్లులో" అన్నాడు. మా నాన్న పేపర్ లోంచి తలెత్తి, "కేబులబ్బాయి కూడా ఇదే చెప్పేవాడయ్యా" అన్నారు.

సరే, రేటింగ్. మన ఆనవాయితీ ప్రకారం ఐదుకి 2.75. మూడు ఇవ్వకుండా ఆ పావు ఎందుకు కోశానంటే, నిన్న ఓ థ్రిల్లర్‌లో హంతకుడి మొహం కనబడే సెకనులో సబ్బు యాడ్ పడింది. ఏ యాప్ అన్నది చెప్పను. ఈ నెల ఆగిపోయే రెండిట్లో అదొకటి. రెండోది ఏదో అమ్మ తేల్చాలి, ఇంకా సీరియల్ చూస్తోంది.