చార్మినార్ సున్నంలో ఉన్న వేడి లెక్క

హాయ్ అండీ, అందరికీ నమస్కారం! చికాగో నుంచి సెలవులకి హైదరాబాద్ వచ్చాం కదా, ఇవాళ చార్మినార్ దగ్గరున్నాం. హారన్ల గోల ఎక్కువగా ఉంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. లాడ్ బజార్ గాజులు ఇంకో వ్లాగ్‌లో చూపిస్తాను. ఇవాళ మాత్రం ఈ గోడల్లో ఉన్న సున్నం గురించే. మా అమ్మాయికి కెమిస్ట్రీలో ఎంథాల్పీ, అంటే చర్యల్లో వేడి ఎంత లోపలికి పోతుంది, ఎంత బయటికి వస్తుంది అనే లెక్క, మొదలైంది. ఆ అంకె పక్కన ప్లస్ ఎందుకో, మైనస్ ఎందుకో అర్థం కాక టెన్షన్ పడుతోంది. ఆ పాఠం చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు తెలియదు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడంలో రాళ్లని పట్టి ఉంచింది సున్నమే. అది సున్నపురాయి నుంచి వస్తుంది. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి 56 గ్రాముల పొడి సున్నం అవుతుంది. మిగతా 44 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతాయి. ఈ మార్పు 178 కిలోజౌళ్ల వేడిని లోపలికి తీసుకుంటుంది. మనం టెన్త్‌లో చదివిన ఉష్ణగ్రాహక చర్య ఇదే. ప్లస్ గుర్తు వీటికే పెడతారు.

పండక్కి వెల్ల వేసే ముందు గోలెంలో సున్నం వేసి నీళ్లు పోయడం చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. కింద పొయ్యి ఉండదు, అయినా కుతకుతా ఉడికిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, రానివ్వకూడదు కూడా, కళ్లలో పడితే చూపే పోవచ్చు. ఆ 56 గ్రాముల పొడి సున్నం 18 గ్రాముల నీటితో కలిసినప్పుడు 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. 200 గ్రాముల మామూలు నీళ్లని, అంటే ఒక గ్లాసుడు, మరిగే దాకా తేవడానికి సరిపోయేంత వేడి అది. ఇది ఉష్ణమోచక చర్య, దీనికి మైనస్.

తడి సున్నాన్ని ఇసుకతో కలిపి డంగులో నూరి గోడకి పెడతారు. అక్కడ అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. పోయిన 44 గ్రాములూ తిరిగి చేరతాయి, కలిపిన నీరు బయటికి పోతుంది. ఈ దశలో వచ్చే వేడి 113 కిలోజౌళ్లు.

ఇప్పుడు 65కి 113 కలపండి. 178! బట్టీలో రాయి తీసుకున్నది ఎంతో, గోలెంలోనూ గోడలోనూ కలిపి తిరిగి ఇచ్చింది అంతే, చెల్లుకు చెల్లు. ఇది వినగానే మా అమ్మాయి ఫోన్ తీసి తనే ఒకసారి కూడి చూసుకుంది. ఏ దారిలో వెళ్లినా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం వేడి మారదని 1840లో హెస్ అనే శాస్త్రవేత్త చెప్పిన నియమం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బంధాలు తెగితే శక్తి వస్తుందనుకుంటారు. కాదండీ, బంధం తెంచడానికి శక్తి పెట్టాలి, కొత్త బంధం ఏర్పడినప్పుడు శక్తి వస్తుంది. మా అన్నయ్య వాళ్లింటికి పైపులో వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. 16 గ్రాముల మీథేన్‌లో, అది మండడానికి కావలసిన ఆక్సిజన్‌లో ఉన్న బంధాలన్నీ తెంచడానికి దాదాపు 2650 కిలోజౌళ్లు కావాలి. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఏర్పడేటప్పుడు దాదాపు 3450 వస్తాయి. ఆ తేడా, 800 చిల్లర, మన అన్నం ఉడికిస్తుంది. లైటర్ నిప్పురవ్వ మొదటి కొన్ని అణువులకి కావలసిన శక్తిని ఇస్తుంది, ఆ తర్వాత మంట తనని తానే నడుపుకుంటుంది.

"అమ్మా, 113 అంటే 65 కంటే ఎక్కువ కదా, మరి గోడ వేడిగా ఎందుకు లేదు?" అంది. చాలా మంచి ప్రశ్న, నాకు భలే సంతోషమేసింది. ఎంత వేడి వస్తుందన్నది వేరు, ఎంత వేగంగా వస్తుందన్నది వేరు. గాలి సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి చేరాలి, గోడ మందాన్ని బట్టి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వచ్చిన వేడి వచ్చినట్టే చుట్టూ చెదిరిపోతుంది. చికాగో చలిలో మనం జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్‌లోనూ తేడా వేగంలోనే, అందులో ఇనుప పొడి తుప్పు పడుతుంది. మేకు తుప్పు పట్టినా వేడి వస్తుంది కానీ, మరీ నెమ్మది కాబట్టి చేతికి తెలియదు. మెత్తటి పొడికి ఉప్పు, తేమ, బొగ్గు తోడైతే గంటల్లోనే పని జరుగుతుంది.

ఒక్క మాట మాత్రం కలపాలి. చెల్లుకు చెల్లు అన్నది రాయి వరకే. బట్టీ మండించడానికి వాడిన కట్టెలు, బొగ్గు ఈ లెక్కలో లేవు, వాటి వేడిలో చాలా భాగం పొగతో పాటే పోతుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని కూడా వెనక్కి తీసుకోవడం ఈ గోడ వల్ల కాదు.