ఈ వారం ఎంత నారు అమ్ముడైంది?

శ్రోతలకు నమస్కారం. టమాటా రైతుకు ముందే అందాల్సిన ఒక లెక్క గురించి ఈరోజు మాట్లాడుకుందాం. దానికి ముందు ఒక చేపల కథ.

1997 జనవరి 14, మంగళవారం. కేరళలో కోజికోడ్‌కు ఉత్తరాన వటకర అనే ఊరి రేవు. తెల్లవారుతుండగా వేట నుంచి పడవలు తిరిగొచ్చాయి. పడవల నిండా మత్తి చేపలు, మనవైపు కవళ్లంటామే, అవి. ఆ పొద్దున 11 మంది మత్స్యకారులకు కొనేవాళ్లు దొరకలేదు. చేప ఎంతసేపు ఆగుతుంది? పారబోశారు. సరిగ్గా అదే పొద్దున, 15 కిలోమీటర్ల లోపున్న వేరే రేవుల్లో 27 మంది కొనడానికి వచ్చి, చేపలు లేక వెనుదిరుగుతున్నారు.

ఇటు 11 మంది పారబోశారు. అటు 27 మంది ఉత్తచేతులతో వెళ్లారు. మధ్యలో ఉన్నది 15 కిలోమీటర్లు.

రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికా ఆర్థికవేత్త శ్రమ వల్ల ఇది మనకు తెలిసింది. ఆ తీరంలో 15 రేవులు, 300 పడవలు ఎంచుకుని, వారం వారం ఎవరు ఎక్కడ ఎంతకు అమ్మారో ఏళ్ల తరబడి రాయించారు. ఆ కాలంలోనే అక్కడికి సెల్‌ఫోన్ వచ్చింది. టవర్లు తీరానికి దగ్గర్లో ఉండటంతో సముద్రంలోకి 20, 25 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందేది. వల లాగాక, ఇంకా నీళ్ల మీద ఉండగానే, రెండు మూడు రేవులకు ఫోన్ చేసి ధర కనుక్కునేవారు. బాగున్నచోటికి పడవ తిప్పేవారు. అంతకుముందు ఎవరి రేవులో వాళ్లే అమ్ముకునేవారు. ఫోన్ వచ్చాక పదిలో మూడు నాలుగు పడవలు వేరే రేవుకు వెళ్లాయి. రోజూ 5 నుంచి 8 శాతం చేప పారబోతకు పోయేది, అది దాదాపు ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అమ్మినవాడూ బాగుపడ్డాడు, కొన్నవాడూ బాగుపడ్డాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ధర ఎప్పుడు అందిందో గమనించండి. పడవ తిప్పుకునే వీలున్నప్పుడు అందింది.

ప్రభుత్వం సంగతీ అంతే. దేశం మొత్తం ఉత్పత్తి విలువను చెప్పే జీడీపీ అంకె రావాలంటే మూడు నెలల గడువు ముగిశాక మరో రెండు నెలలు ఆగాలి. కూరగాయల ధర అంతవరకు ఆగదు. అందుకే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 550కి పైగా కేంద్రాల నుంచి రోజూ ధరలు తెప్పించుకుంటుంది. 2023 జూలైలో టమాటా మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొనిపించి, ధర ఎక్కువగా పెరిగిన ఊళ్లకు పంపింది. 14వ తేదీన కిలో 90 రూపాయలకు అమ్మకం మొదలైంది. 16న 80 చేశారు, 20న 70 చేశారు. వారంలో మూడు ధరలు. నెలకోసారి వచ్చే ధరల సూచీ కోసం కూర్చుని ఉంటే ఇది జరిగేదా?

ఆ సెప్టెంబరుకల్లా అదే టమాటా చాలాచోట్ల రైతుకు కోత కూలి కూడా గిట్టనంతగా పడిపోయింది. పెరిగిన ధరను చూపించిన పట్టికే పడిన ధరనూ చూపిస్తుంది. ధర ఎక్కినప్పుడు వారంలో కదిలే యంత్రాంగం, దిగినప్పుడూ వారంలోనే కదలాలి. రోడ్డు పక్కన పారబోసిన టమాటా రాశిని ఒక్కసారి చూసినవాళ్లెవరూ దీన్ని కాదనరు.

అయితే మదనపల్లె రైతు చేతిలోనూ ఇప్పుడు ఫోన్ ఉంది. ఈనాటి ధర అందులో కనిపిస్తుంది. కనిపించి ఏం లాభం? కాయ పండింది, కోయక తప్పదు. ఆయన పడవ ఎప్పుడో ఒడ్డుకు చేరిపోయింది. తిప్పుకోగలిగిన రోజు, నారు నాటిన రోజు. అది రెండు నెలల పైమాటే. ఆ రోజు ఆయన చూసింది ఆనాటి ధర. బాగుందని నాటాడు. పక్క రైతూ అదే ధర చూశాడు, అతనూ నాటాడు. అందరి కాయా ఒకేసారి యార్డుకు వచ్చింది.

కాబట్టి టమాటా రైతుకు ఈరోజు ధర కన్నా ముందు అందాల్సిన లెక్క ఒకటుంది. ఈ వారం ఎంత నారు అమ్ముడైంది?

ఇప్పుడు చాలామంది నారు నర్సరీల్లోనే కొంటున్నారు. ఎన్ని నారు ట్రేలు వెళ్లాయో నర్సరీ యజమానికి తెలుసు, బిల్లు పుస్తకంలో ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, సరిహద్దు అవతల కోలారు వైపు నర్సరీల అంకెలు కూడితే, రెండు నెలల తర్వాత రాబోయే కాయ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రైతుల పేర్లు అక్కర్లేదు, మొత్తం చాలు. వానలు, తెగుళ్లు ఆ అంచనాను మారుస్తాయి, అందుకే వారం వారం సరిచూడాలి. అది చూసి గుజ్జు ఫ్యాక్టరీ యంత్రాలు సిద్ధం చేసుకుంటుంది, వ్యాపారి లారీలు మాట్లాడుకుంటాడు, మార్కెటింగ్ శాఖ కొనుగోలుకు డబ్బు ముందే పక్కన పెడుతుంది.

ఉద్యానశాఖ ఈ లెక్క సేకరించి రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయించాలి, రేడియోలో బజారు ధరలతో పాటు చదివించాలి. చదివేటప్పుడు నిరుటి ఇదే వారంతో పోల్చి చదవాలి. ఇన్ని వేల ట్రేలు అంటే వినేవాడికి ఏమీ తెలియదు. నిరుటి కన్నా సగం ఎక్కువ నాటారని తెలిస్తే, ఎకరం వేద్దామనుకున్న రైతు అరెకరంతో ఆగి, తక్కిన అరెకరంలో బీన్సో మరొకటో వేసుకుంటాడు.