ఎఫ్‌ఈవీ1 పది శాతం పెరిగిందా? ఏ పది శాతం?

"సిస్టిక్ ఫైబ్రోసిస్ పేషెంట్లు టోబ్రామైసిన్ పీలిస్తే ఊపిరితిత్తుల పనితీరు పది శాతం పెరుగుతుంది." ఈ ముక్క చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏ పది శాతమో ఒక్కరూ చెప్పరు! సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. టోబ్రామైసిన్ ఒక యాంటీబయాటిక్. ఇక్కడ పనితీరంటే ఎఫ్‌ఈవీ1, గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి.

ఈ అంకె 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 520 మంది పేషెంట్లు, అందరి ఊపిరితిత్తుల్లోనూ సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, నెబ్యులైజర్‌తో. 28 రోజులు మందు, 28 రోజులు విరామం. 20వ వారానికి మందు వాడినవాళ్ల ఎఫ్‌ఈవీ1 సగటున 10 శాతం పెరిగింది, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) వాళ్లకి 2 శాతం తగ్గింది.

[స్క్రీన్ మీద: 1.50 → 1.65 లీటర్లు]

ఒక అబ్బాయి ఉన్నాడనుకోండి. వాడి వయసుకీ ఎత్తుకీ మొదటి సెకనులో 3 లీటర్లు ఊదాలి, ఊదుతున్నది లీటరున్నర. అంటే 50 శాతం. పది పెరిగితే 60 అనేస్తారు. కాదండీ! లీటరున్నరలో పదో వంతు, 150 మిల్లీలీటర్లు. యాభై కాస్తా యాభై ఐదు అయింది, అంతే. వందకి యాభై మార్కులొచ్చే పిల్లాడికి యాభై ఐదొస్తే "పది శాతం పెరుగుదల" అని బ్యానర్ కట్టే కోచింగ్ సెంటర్ లెక్క ఇది. లెక్క తప్పు కాదు, బ్యానర్ చూసినవాళ్లు మాత్రం అరవై అనుకుంటారు.

ఇంకోటి. 20వ వారమంటే ఏమిటి? మూడోసారి మందు వాడిన నెల ఆఖరు. కోచింగ్ ముగిసిన మర్నాడే పరీక్ష పెట్టినట్టు! విరామం నెలలో ఆ మార్కులు కొన్ని జారిపోతాయి. అందుకే మందు నెలాఖరు రీడింగ్‌ని మందు నెలాఖరుతోనే పోల్చాలి.

మరి పీల్చిన కాసేపటికే ఎఫ్‌ఈవీ1 పడిపోతే? మందు పనిచేయలేదని కంగారుపడకండి. పీల్చిన మందు రాపిడికి కొందరికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అందుకే మొదటి డోసు ఆసుపత్రిలోనే ఇచ్చి, ముందూ వెనకా ఊదించి చూస్తారు. ముందుగా శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్ ఇవ్వడమూ మామూలే. ఇక్కడో తిరకాసుంది: ఒక పరీక్షకి సాల్బుటమాల్ తీసుకుని, ఇంకోదానికి తీసుకోకపోతే, ఆ 150 మిల్లీలీటర్లు దేని పుణ్యమో మీరు చెప్పలేరు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. జబ్బు బాగా ముదిరిన రోజున తీసిన రీడింగ్‌తో పోలిస్తే ఏ మందైనా గొప్పగానే కనిపిస్తుంది. ఎదిగే పిల్లలకి లీటర్లు ఎలాగూ పెరుగుతాయి, ఉండాల్సినదాంట్లో ఎంత శాతమో చూడండి. ఎఫ్‌ఈవీ1 పెరగకపోయినా పడిపోకుండా నిలబడితే, ఏటా తరిగిపోయే ఈ జబ్బులో అదీ లాభమే. జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరడం తగ్గిందా అనీ అడగండి.

ఆఖరుది, కఫం రిపోర్టులో "రెసిస్టెంట్" అని, అంటే బ్యాక్టీరియా ఈ మందుకి లొంగదని రావడం. ఎంత మందుకి లొంగకపోతే రెసిస్టెంట్ అనాలన్న హద్దు రక్తంలోకి ఎక్కించే మందు లెక్కన పెట్టింది. పీల్చినప్పుడు కఫంలోకి అంతకి ఎన్నో రెట్లు చేరుతుంది. ఆ ఒక్క మాట చూసి మీ అంతట మీరు నెబ్యులైజర్ అటకెక్కించకండి, డాక్టర్‌ని అడగండి.