బ్లాక్ నుండి రఫ్‌కు మారాలా? పైథాన్ ఫార్మాటర్లపై నల్లగొండ నుండి ఒక రివ్యూ

నమస్కారం. పైథాన్ కోడ్‌ను ఒకే తీరులో సర్దిపెట్టే రెండు టూల్స్‌ను, అంటే బ్లాక్‌ను, రఫ్‌ను, ఈ వీడియోలో పక్కపక్కన పెట్టి పరిశీలిస్తున్నాను. వెబ్ పని చేసేవారి కోసం, జావాస్క్రిప్ట్ కోడ్‌ను సర్దే ప్రెటియర్ గురించి కూడా కొంత చెబుతాను. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి ఐటీ టవర్‌లోనో, నల్లగొండలో ఇంటి నుండో పనిచేస్తున్న డెవలపర్లనూ, మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతున్నాను. అందువల్ల పెద్ద కంపెనీల సర్వర్ల మీద ఎంత వేగంగా నడుస్తుందన్న దానికంటే, పద్నాలుగు అంగుళాల పాత లాప్‌టాప్ మీద ఎలా నడుస్తుందన్న ప్రశ్నకే ఎక్కువ సమయం ఇస్తున్నాను.

పరీక్షకు ఎంచుకున్న ప్రోగ్రామ్ తెర మీద కనిపిస్తున్నది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాల పేర్లతో నేనే తయారుచేసుకున్న నమూనా ఫైలు నుండి తాగునీటిలోని ఫ్లోరైడ్ కొలతలను చదివి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన వాటిని ఇది వేరుచేస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము కోరదగిన పరిమితి, మరో నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5. కొలతలు నిజమైనవి కావు. ఫార్మాటర్‌ను పరీక్షించడానికి అవసరమైన పొడవాటి షరతులు, జాబితాలు, తెలుగు సందేశాలు ఈ ప్రోగ్రామ్‌లో సహజంగానే ఉంటాయి కాబట్టి దీనిని తీసుకున్నాను.

టూల్స్ జోలికి వెళ్లే ముందు, కోడింగ్ శైలి మీద మనకున్న గట్టి అభిప్రాయాలు ఎక్కడి నుండి వచ్చాయో చూడడం అవసరం. మన జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో టర్బో సీ నీలి తెర మీద ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవారు ఎందరో ఉన్నారు. వేరియబుల్స్ అన్నింటినీ ఫంక్షన్ మొదట్లోనే ప్రకటించాలని, ఆ తరువాతే క్లియర్ స్క్రీన్ రాయాలని ల్యాబులో సార్ చెబితే అందరం అదే మంచి శైలి అనుకున్నాం. నిజానికి అది 1989 నాటి సీ ప్రమాణంలోని నియమం: బ్లాకులో ప్రకటనలన్నీ ముందు రావాలి, పనిచేసే వాక్యాలు తరువాత రావాలి. 1999 ప్రమాణంలో ఆ నియమం పోయింది, కానీ అలవాటు మిగిలింది. ఈనాటికీ కొందరు విద్యార్థులు పైథాన్ ఫంక్షన్ పైభాగాన ఐ సమానం సున్నా, జే సమానం సున్నా అని రాసి, ఆ తరువాతే పని మొదలుపెడుతున్నారు.

లైన్ పొడవు సంగతీ అంతే. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు గడులు ఉండేవి; 1978లో వచ్చిన వీటీ 100 టెర్మినల్ ప్రధానంగా 80 అక్షరాల వెడల్పుతోనే పనిచేసింది; 2001లో పైథాన్ శైలి మార్గదర్శిగా వచ్చిన పెప్ 8 ఆ గీతకు ఒక అక్షరం ఇవతల ఆగి 79 అన్నది. బ్లాక్ దానిని 88 చేసింది, అంటే ఎనభైకి పది శాతం ఎక్కువ. లినక్స్ కర్నల్ బృందం కూడా 2020లో తమ తనిఖీ స్క్రిప్టు హెచ్చరించే హద్దును 80 నుండి 100కు పెంచింది. కార్డులు పోయాయి, టెర్మినళ్లు పోయాయి, కనుక ఇంత వెడల్పాటి తెరల కాలంలో ఈ హద్దు ఎందుకని అడిగేవారిది న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం మాత్రం మన పరిస్థితి నుండి వస్తుంది: చిన్న లాప్‌టాప్ మీద ఒక పక్క మీటింగ్ విండో, మరో పక్క ఎడిటర్ పెట్టుకొని పనిచేసేవారికి, 120 అక్షరాల లైను ప్రతిసారీ పక్కకు జరిపి చదవవలసిన లైను. పుట్టిన కారణం పోయినా మరో కారణం వల్ల నిలిచిన నియమం ఇది. ప్రకటనలన్నీ ముందే రాయాలన్న అలవాటుకు అటువంటి రెండో కారణం దొరకలేదు. శైలి గురించి వాదించేటప్పుడు ఎవరి అనుభవం ఎంత అని కాకుండా, ఆ నియమాన్ని పుట్టించిన టూల్ ఇంకా మన ముందున్నదా, లేకపోతే దాని స్థానంలో మరో కారణం ఉన్నదా అని అడగాలన్నది నా అభిప్రాయం. ఈ రివ్యూలో రెండు ఫార్మాటర్లనూ అదే ప్రశ్నతో తూచాను.

శైలి కేవలం కంటికి ఇంపు కోసమేనని భావించేవారికి 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన లోపాన్ని గుర్తుచేయాలి. సురక్షిత కనెక్షన్‌ను తనిఖీ చేసే సీ కోడ్‌లో, మీసాల బ్రాకెట్లు లేని ఒక ఇఫ్ కింద, ఫెయిల్ అన్న చోటికి దూకమని చెప్పే గోటు ఫెయిల్ అనే వాక్యం వరుసగా రెండుసార్లు పడింది. రెండో వాక్యం కూడా ఇఫ్ కిందనే ఉన్నట్టు లోపలికి జరిపి ఉండడంతో చదివేవారి కంటికి తప్పు కనిపించలేదు. ప్రోగ్రామ్ మాత్రం దానిని ప్రతిసారీ అమలుచేసి, డిజిటల్ సంతకం తనిఖీని దాటవేసి, అంతా సవ్యంగా ఉన్నట్టు ఫలితం ఇచ్చింది. ఆ ఫైలును ఒక ఫార్మాటర్ గుండా పంపి ఉంటే రెండో గోటు ఎడమ వైపుకు జరిగి, తన అసలు స్థానంలో నిలబడేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్ ఇటువంటి మోసపూరితమైన ఇండెంటేషన్‌ను హెచ్చరికగా చూపడం మొదలుపెట్టింది. పైథాన్‌లో ఇండెంటేషనే వ్యాకరణం కావడం వల్ల ఈ రకం తప్పుకు తావు లేదు.

ఇక బ్లాక్. 2018లో వుకాష్ లాంగా ప్రారంభించిన ఈ టూల్ రాజీపడని ఫార్మాటర్‌గా తనను తాను పరిచయం చేసుకుంటుంది, ఆ మాట చాలావరకు నిలబెట్టుకుంటుంది కూడా. స్ట్రింగులకు డబుల్ కోట్లు, 88 అక్షరాల లైను, జాబితా చివర మనమే కామా పెడితే ఒక్కో అంశం ఒక్కో లైనులో. సెట్టింగులు చాలా తక్కువ. మన నమూనాలో మండలాల జాబితా చివర కామా ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే తేడాను ఇప్పుడు చూడవచ్చు. నాకు దీనిలో అన్నిటికంటే నచ్చినది శైలి కాదు, స్థిరత్వ విధానం: 2022 జనవరిలో బీటా దశ దాటిన తరువాత, శైలిలో మార్పులను ఏడాది మొదటి విడుదలకే పరిమితం చేస్తామని వారు ప్రకటించారు. మార్చిలో కోడ్ ఎలా సర్దుకుందో నవంబరులోనూ అలాగే సర్దుకుంటుందన్న భరోసా ఒక టీమ్‌కు చాలా విలువైనది, ఎందుకంటే ఫార్మాటర్ తన అభిప్రాయం మార్చుకున్న ప్రతిసారీ, ఎవరూ ముట్టుకోని వందల లైన్లు మార్పులుగా కనిపించి అసలు మార్పు వాటిలో కలిసిపోతుంది.

మనుషుల మధ్య ఇది చేసే మేలు మరొకటి ఉన్నది. మన టీములలో సీనియర్‌ను అన్నా అని పిలుస్తాం, కొన్నిచోట్ల సార్ అంటాం. అటువంటి వ్యక్తి రాసిన కోడ్ కింద, అన్నా, ఇక్కడ స్పేస్ తప్పింది అని కొత్తగా చేరిన అమ్మాయి రాయగలదా? రాయదు. అదే సీనియర్ మాత్రం ఆమె కోడ్‌లో అటువంటివి అన్నీ ఎత్తిచూపగలడు. ఫార్మాటర్ ఇద్దరి ఫైళ్లనూ ఒకే విధంగా దిద్దుతుంది, దానికి వరస తెలియదు. గో భాష రూపకర్తల్లో ఒకరైన రాబ్ పైక్ 2015లో ఆ భాష ఫార్మాటర్ గోఫమ్ట్ గురించి, దాని శైలి ఎవరికీ అభిమానమైనది కాదు, అయినా గోఫమ్ట్ అందరికీ అభిమానమే అన్నాడు. ఆ మాట బ్లాక్‌కు కూడా అతుకుతుంది.

రఫ్ విషయానికి వస్తే, చార్లీ మార్ష్ రస్ట్ భాషలో ప్రారంభించిన ఈ టూల్ 2022లో లింటర్‌గా, అంటే కోడ్‌లోని లోపాలను ఎత్తిచూపే టూల్‌గా మొదలై, 2023 అక్టోబరులో ఫార్మాటర్‌ను కూడా జోడించుకున్నది. బ్లాక్ కంటే 30 రెట్లకు పైగా వేగమని తయారీదారులు చెప్పుకుంటారు. నాలుగు ఫైళ్ల విద్యార్థి ప్రాజెక్టుకు ఆ అంకెతో పని లేదు, రెండూ కంటికి వెంటనే పూర్తయినట్టే ఉంటాయి. అయితే సేవ్ చేసిన ప్రతిసారీ ఫార్మాట్ అయ్యేలా ఎడిటర్‌ను పెట్టుకొని, పాత లాప్‌టాప్‌లో బ్రౌజర్, మీటింగ్ కూడా నడుపుతున్నవారికి తేడా తెలుస్తుంది. దానికంటే పెద్ద సౌకర్యం, లోపాలు చూపే ఫ్లేక్ 8, ఇంపోర్టులను వరుసపెట్టే ఐసార్ట్ వంటి వేర్వేరు టూల్స్ చేసే పనిలో చాలా భాగాన్ని ఇది ఒక్కటే చేయడం. ఒక్క డౌన్‌లోడ్, ఒక్క సెట్టింగుల ఫైలు. మొబైల్ డేటా హాట్‌స్పాట్ మీద ఇన్‌స్టాల్ చేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

బ్లాక్‌తో ఫార్మాట్ చేసిన జాంగో, జూలిప్ వంటి ప్రాజెక్టుల మీద 99.9 శాతానికి పైగా లైన్లు యథాతథంగా నిలుస్తాయని రఫ్ పత్రాలు చెబుతాయి. మన నమూనాలో తేడా వచ్చిన చోటు ఎఫ్-స్ట్రింగ్, అంటే మధ్యలో విలువలను చొప్పించి రాసే స్ట్రింగ్. 2025 జనవరి నాటి శైలి నుండి రఫ్ ఎఫ్-స్ట్రింగ్ లోపలి వ్యక్తీకరణలను కూడా సర్దుతుంది, అందుకే మండలం పేరు, కొలత కలిపి ముద్రించే లైనులో మీసాల బ్రాకెట్ల లోపల ఖాళీలు మారాయి. మరొక సంగతి చాలామందిని తికమకపెడుతుంది: రఫ్ ఫార్మాట్ ఆదేశం ఇంపోర్టులను వరుసలో పెట్టదు, ఆ పనికి రఫ్ చెక్‌లో ఐ నియమాలను ఎంచుకొని ఫిక్స్ ఇవ్వాలి.

నాకు రఫ్‌లో నచ్చనిది దాని ఉదారత. సింగిల్ కోట్లు కావాలా, స్పేస్‌లకు బదులు ట్యాబ్‌లు కావాలా అని సెట్టింగుల్లో అడుగుతుంది, దానితో ముగిసిన వాదం మళ్లీ తెరుచుకుంటుంది. ట్యాబ్ పక్షాన ఒక బలమైన వాదన ఉన్న మాట నిజమే. చూపు తక్కువై అక్షరాలను పెద్దవి చేసుకొని చదివేవారు ట్యాబ్ వెడల్పును తమకు అనువుగా తగ్గించుకోగలరు. టీమ్‌లో అటువంటివారు ఉంటే ట్యాబ్ పెట్టండి, అది కారణమున్న నిర్ణయం. అలవాటు వల్ల కోట్లు మార్చడం అటువంటిది కాదు.

తెలుగు సందేశాల సంగతి ఏ ఆంగ్ల రివ్యూలోనూ చూడలేదు కనుక ఇక్కడ కాస్త ఆగుతాను. నల్లగొండ అన్న మాటలో మన కంటికి నాలుగు అక్షరాలే కనిపిస్తాయి, కానీ పైథాన్‌లో దాని పొడవు అడిగితే 8 అని వస్తుంది, ఎందుకంటే పొల్లు, సున్న, ఒత్వం అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. అందువల్ల ఈ విడి గుర్తులను, అంటే కోడ్‌పాయింట్లను, లెక్కించే పాత లింటర్లు, తెర మీద పొట్టిగానే ఉన్న తెలుగు లైనును కూడా పొడవు దాటిందని గద్దిస్తాయి. బ్లాక్ స్థిర శైలి గానీ రఫ్ గానీ పొడవాటి స్ట్రింగును తామే ముక్కలు చేయవు, కాబట్టి మన సందేశాలు మధ్యలో విరగవు; లైన్ పొడవు హెచ్చరికను మాత్రం ఆ ఫైళ్లకు ఆపివేయడమే సుఖం. వ్యాఖ్యల భాష గురించి పెప్ 8 చెప్పేది కూడా వినదగినది: మీ భాష తెలియనివారు ఆ కోడ్‌ను ఎన్నడూ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప ఆంగ్లంలోనే రాయమంటుంది. గ్రామ పంచాయతీ కోసం రాసే ప్రోగ్రామ్‌కు ఆ నమ్మకం నాకు ఉన్నది, నేను తెలుగులోనే రాస్తాను.

రెండు టూల్స్‌లో ఏదీ పేర్లను బాగుచేయలేదు. ఇదే నమూనాలో మర్రిగూడను మూడు రకాల ఆంగ్ల స్పెల్లింగులతో రాసి పెట్టాను. రెండూ వాటిని చక్కగా వరుసలో పేర్చి అలాగే వదిలేశాయి. కోడ్ రివ్యూలో మనుషులు మాట్లాడుకోవలసినవి ఇవే.

జావాస్క్రిప్ట్ వారికి ప్రెటియర్ 2017 నుండి ఉన్నది, ఇప్పటికీ నా ఎంపిక అదే. 2023లో వచ్చిన మూడో వర్షన్‌లో చివరి కామా అంతటా పెట్టడం సహజ సెట్టింగుగా మారింది, అందుకే వర్షన్‌ను కచ్చితంగా నిర్దేశించి ఇన్‌స్టాల్ చేయమని వారి పత్రాలే చెబుతాయి. రస్ట్‌లో రాసిన మరో ఫార్మాటర్ బయోమ్ వేగవంతమైనదే కానీ, ఒక్క వేగం కోసం నడుస్తున్న ప్రాజెక్టును మార్చమని చెప్పలేను.

బ్లాక్, రఫ్‌ల మధ్య నా తీర్పు ఇది: కొత్త ప్రాజెక్టును రఫ్‌తో మొదలుపెట్టండి, కోట్లు, ఇండెంట్ సెట్టింగులను ముట్టుకోకండి. బ్లాక్‌తో సాఫీగా నడుస్తున్న పాత ప్రాజెక్టును, నాలుగు టూల్స్ నిర్వహణ భారమైనప్పుడే మార్చండి. మార్చే రోజున ఫార్మాటింగ్ తప్ప మరేదీ లేని ఒక్క కమిట్ చేసి, దాని సంఖ్యను, ఏ లైనును ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ ఆదేశం విస్మరించవలసిన కమిట్ల ఫైలులో రాయండి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుండి ఈ సౌకర్యం ఉన్నది. అది రాయకపోతే రేపు ప్రతి లైను పక్కనా ఫార్మాటర్ నడిపినవారి పేరే కనిపించి, ఫ్లోరైడ్ పరిమితిని 1.5గా ఎవరు, ఎందుకు పెట్టారో అడగడానికి మనిషి దొరకడు.