‘ది మార్షియన్’ నవల: మా చెరువు గట్టు మీద చదివినవాళ్ళు ఏమన్నారంటే

నమస్కారమండీ. వెనకాల మీకు వినిపిస్తున్న చప్పుడు ఏరియేటర్లది, అంటే చెరువు నీళ్ళలోకి గాలి ఎక్కించే మిషన్లది. భీమవరం దగ్గర మా ఊళ్ళో, మా నాన్నగారి రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. చప్పుడు లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు. కానీ ఈ పుస్తకంలో సగానికి పైగా నేను చదివింది ఈ షెడ్డులోనే, ఈ చప్పుడులోనే. అందుకే ఇక్కడి నుంచే మాట్లాడాలనిపించింది.

పుస్తకం పేరు ‘ది మార్షియన్’. రచయిత ఆండీ వియర్. అప్పట్లో ఆయన సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్. తన సొంత వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయం ఉచితంగా పెట్టేవారు. చదివినవాళ్ళు సైన్సులో తప్పులు పట్టి రాస్తే సరిదిద్దుకునేవారు. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టారు. అది బాగా జనంలోకి వెళ్ళాక, 2014 ఫిబ్రవరిలో ఒక పెద్ద సంస్థ అచ్చు వేసింది. అప్పటికి మన మంగళయాన్ ఇంకా దారిలోనే ఉంది. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు ఒళ్ళు పులకరించింది.

కథ ఏమిటంటే, ఆరుగురు వ్యోమగాములు అంగారకుడి మీద దిగుతారు. ఆరో రోజున పెద్ద దుమ్ము తుపాను. అందరూ వెనక్కి వెళ్ళిపోవాల్సి వస్తుంది. ఆ గందరగోళంలో మార్క్ వాట్నీ అనే అతనికి దెబ్బ తగిలి ఎగిరి పడతాడు. చనిపోయాడనుకుని మిగతావాళ్ళు బయల్దేరిపోతారు. అతను చనిపోలేదు. భూమితో మాట్లాడే దారి లేదు. తర్వాతి యాత్ర వచ్చేది నాలుగేళ్ళకి. ఇక్కడి నుంచి నవల మొదలు. ముగింపు నేను చెప్పను. మధ్యలో జరిగే కొన్ని మాత్రం చెప్పక తప్పదు, ఏమీ తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆపేయండి.

ఇది నా ఒక్క అభిప్రాయం కాదు. మా దగ్గర ఉన్నది ఒకే కాపీ. అది మా చుట్టాల్లో, ఊళ్ళో ఏడుగురి చేతులు మారింది. పుస్తకం ఇంగ్లీషు, ఇంగ్లీషు రానివాళ్ళకి నేనే తెలుగులో చెబుతూ చదివాను. ఎక్కువమంది చెప్పిన ఫిర్యాదు ఒకటుంది. లెక్కలు ఎక్కువ, మనసు తక్కువ అని. నేను ఒప్పుకోను. ఈ నవల మనసంతా ఆ లెక్కల్లోనే ఉంది. నాకు ఇది అర్థమయ్యేలా చేసింది మా నాన్నగారు.

చెరువులో రొయ్య ఉన్నన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆయన ఇక్కడే పడుకుంటారు. నేను భోజనం తెచ్చి, ఓ గంట చదివి వెళ్ళేదాన్ని. మొదటి రోజే వాట్నీ తిండి లెక్క వచ్చింది. ఆరుగురికి యాభై రోజులకు సరిపడా తిండి ఉంది, ఇప్పుడు ఒక్కడే కాబట్టి మూడు వందల రోజులు, పొదుపుగా తింటే నాలుగు వందలు. ఆ తర్వాత? నాన్నగారు మంచం మీద లేచి కూర్చున్నారు. “మరి మిగతా రోజులకి?” అన్నారు. సామానులో పచ్చి బంగాళాదుంపలు పన్నెండు ఉన్నాయని, అవి పండుగ భోజనం కోసం పంపినవని చెప్పాను. “నేల ఎంత ఉంది, నీళ్ళు ఎన్ని ఉన్నాయి?” అని అడిగారు. వాట్నీ తర్వాతి పేజీల్లో తనకు తాను వేసుకునేవి సరిగ్గా ఆ ప్రశ్నలే.

చెరువు వేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సీడ్ అంటే రొయ్య పిల్లలు ఎంత వేశాం, మేత ఎంత పడుతోంది, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంది, రోజంతా ఇవే అంకెలు. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచే, రొయ్యతో పాటు, ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున అది అడుగంటుతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. రైతు చేతిలో ఉండేది నిమిషాలే. వాట్నీ ఉండే గుడారం కూడా ఒక చెరువు లాంటిదే. లోపల గాలిని మిషన్లు శుభ్రం చేస్తూ ఉంటేనే మనిషి ఉంటాడు.

మూడేళ్ళ కిందట మాకు అలాంటి రాత్రి వచ్చింది. కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు, బ్యాటరీ డౌన్. ముందు రోజు సాయంత్రం అన్నీ చూసుకున్నాం. డీజిల్ చూశాం, బెల్టులు చూశాం, ఆక్సిజన్ ట్యాబ్లెట్లు దగ్గర పెట్టుకున్నాం. బ్యాటరీ ఒక్కటి చూడలేదు. తెల్లారేసరికి చచ్చిన రొయ్య గట్టు పొడుగునా తెల్లగా తేలిపోయింది. నాన్నగారు ఆ పెంపకం గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇప్పుడు నవలలోకి రండి. దుంపలు పండించాలంటే నీళ్ళు కావాలి. రాకెట్ ఇంధనంగా మిగిలిన హైడ్రజీన్‌ను వాట్నీ ఇరిడియం ఉత్ప్రేరకం మీదుగా పంపి, నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడగొడతాడు. ఆ హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండిస్తే నీళ్ళు. కెమిస్ట్రీ సరైనదే. మధ్యలో హైడ్రోజన్ గుడారంలో పోగుపడుతుంది. దాన్ని జాగ్రత్తగా వదిలించుకోవడానికి, గాలిలో ఆక్సిజన్ తగ్గించి తను మాస్కు పెట్టుకుంటాడు. అన్నీ లెక్కేస్తాడు. ఒక్కటి మర్చిపోతాడు. మాస్కులోంచి పీల్చిన ఆక్సిజన్‌లో ఒంటికి పట్టేది కొంతే, మిగతాది ఊపిరితో బయటికి వస్తుంది. అది గదిలో చేరుతుంది. పేలుడు. ఆ పేజీ చదివి ఆగాను. నాన్నగారు చాలాసేపు చెరువు వైపు చూస్తూ, “బ్యాటరీ” అన్నారు. అంతే. మూడేళ్ళ తర్వాత ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. లెక్కల్లో మనసు లేదని ఎవరైనా అంటే నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

ఇక తప్పుల సంగతి. మా మామయ్య డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. ఆయనకు పుస్తకం నచ్చింది, మొదటి అధ్యాయం తప్ప. తుపాను గాలి గంటకు 175 కిలోమీటర్ల వేగంతో వీచి, రాకెట్‌ను పడగొట్టేంత పని చేస్తుంది కదా, అది జరగదని ఆయన అంటారు. గాలి బలం వేగంలోనే కాదు, బరువులో కూడా ఉంది. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు అరవయ్యో వంతు. కాబట్టి అక్కడి 175 కిలోమీటర్ల గాలి ఒంటికి తగిలితే, ఇక్కడి 22 కిలోమీటర్ల గాలిలా ఉంటుంది. లుంగీ ఆరేసుకునే గాలి. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపాను చూసినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోవడం కళ్ళారా చూసినవాళ్ళకి గాలంటే ఏమిటో తెలుసు. రచయిత కూడా ఆ తుపాను నిజానికి కుదరదని తర్వాత ఒప్పుకున్నారు. మనిషిని ప్రకృతే దెబ్బ కొట్టాలని తెలిసే అలా రాశారట. నాకైతే ఆ ఒక్కటీ ఇబ్బంది పెట్టలేదు. కానీ మిగతా నవల అంత ఖచ్చితంగా ఉన్నప్పుడు, పునాదిలోనే ఆ లోటు ఉండటం మామయ్యని బాధపెట్టింది. ఆ బాధలో న్యాయం ఉంది.

రావులపాలెం వైపు కంద, అరటి వేసే మా బాబాయి గారిది ఇంకో మాట. దుంపని నాలుగు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకీ కళ్ళు ఉండేలా చూసి నాటడం చదవగానే “కంద విత్తనం కోసినట్టే” అన్నారు. ఆయన అనుమానం మట్టి మీద. “ఆ నేలలో ఉప్పు ఉండదా?” అని అడిగారు. మంచి ప్రశ్న. 2008లో ఫీనిక్స్ అనే నాసా నౌక అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్లు అనే లవణాలు ఉన్నాయని కనిపెట్టింది. అవి మనిషికి మంచివి కావు. నవలలో వాటి ప్రస్తావనే లేదు. అయితే అవి నీళ్ళలో కరిగిపోతాయి. ఈ మాట చెప్పగానే బాబాయి ముఖం వెలిగింది. సముద్రం దగ్గర చౌడు తేలిన పొలాల్లో మంచినీళ్ళు నిలగట్టి, ఆ ఉప్పు నీటిని డ్రెయిన్‌లోకి తీసేయడం మన రైతులకు తెలిసిన పనే. “అయితే కడిగి వేసుకోవచ్చు. నీళ్ళుండాలి, అంతే” అన్నారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక పచ్చబడ్డ నేల మనది. ఆ “అంతే” విలువ ఇక్కడివాళ్ళకి బాగా తెలుసు.

బీటెక్ చదివే తమ్ముడికి పాత్‌ఫైండర్ ఘట్టం ప్రాణం. 1997 జులై 4న అంగారకుడి మీద దిగి, ఆ సెప్టెంబరులోనే మూగబోయిన నిజమైన నౌక అది. వాట్నీ వెళ్ళి దాన్ని తవ్వి తెచ్చుకుని, దాని కెమెరా తిరిగే దిశను బట్టి అక్షరాలు చదువుకుంటాడు. చివర్లో వచ్చే సుదీర్ఘ రోవర్ ప్రయాణం మాత్రం వాడికి బోర్ కొట్టింది, నాకూ కొంచెం కొట్టింది. ఒక చిక్కు, దానికో ఉపాయం, మళ్ళీ ఇంకో చిక్కు. ఆ వరస ముందే తెలిసిపోతుంది.

ఓ చిన్న మాట. నాసాలో అంగారక యాత్రలు చూసే పెద్ద అధికారి పేరు నవలలో వెంకట్ కపూర్. వెంకట్ ఇటువైపు పేరు, కపూర్ పంజాబీ ఇంటిపేరు. ఏడుగురమూ ఆ పేరు దగ్గర ఆగాం. 2015లో వచ్చిన సినిమాలో అతన్ని విన్సెంట్ చేశారు. మా అందరికీ వెంకట్టే నచ్చాడు.

అసలైన అసంతృప్తి మా పెద్దత్తది. ఆవిడ రిటైరైన తెలుగు పండితురాలు. “అమ్మానాన్నా ఉన్నవాడు కదా, ఒక్క రాత్రయినా వాళ్ళ గురించి ఏడవడేం?” అని అడిగారు. వాట్నీ ఎంత కష్టంలోనూ జోకులు వేస్తాడు. పంట మొత్తం పోయిన రోజున, గుడారం తలుపు వైపు చీలిపోయి దుంప మొక్కలన్నీ గడ్డకట్టిపోయిన రోజున, కాసేపు అరుస్తాడు, ఇక నా వల్ల కాదంటాడు, నిమిషాల్లోనే మళ్ళీ పనిలో పడతాడు. ఇది డైరీ రూపంలో ఉన్న నవల, తను రాసుకోదలచుకున్నదే రాసుకుంటాడు, ఏడుపు రాయకపోవచ్చు అని నేను వాదించాను. అత్త ఒప్పుకోలేదు. పంట పోయిన ఇల్లు చూశాను కాబట్టి ఈ ఒక్క విషయంలో నేనూ ఆవిడ వైపే ఉన్నాను. నిమిషాలు చాలవు. నాన్నగారికి ఆ అధ్యాయం చదివిన రాత్రి, “ఇవాళ్టికి చాలమ్మా” అని లేచి, టార్చి తీసుకుని గట్టు మీద ఒక రౌండు వేసి వచ్చారు.

ఒక్క మనిషి కోసం అన్ని కోట్లు ఖర్చు పెట్టడం న్యాయమేనా అన్న దాని మీద మాత్రం పెద్ద గొడవే అయింది. తమ్ముడు న్యాయం కాదన్నాడు. అత్త వాణ్ణి కచ్చులూరు గుర్తు చేసుకోమన్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పడవ మునిగితే, కాకినాడ నుంచి ధర్మాడి సత్యం గారి బృందం వెళ్ళి తాళ్ళతో, లంగర్లతో వెతికి, అక్టోబరు 22న దాన్ని పైకి తీసింది. అందులో బతికున్నవాళ్ళు ఎవరూ ఉండరని అందరికీ తెలుసు. అయినా ఆ అయిదు వారాలూ మా ఇంట్లో రోజూ టీవీ ముందు కూర్చున్నాం, ఒక్కరం కూడా ఖర్చు లెక్క అడగలేదు. తమ్ముడు ఇంకేమీ అనలేదు.

సైన్సు రాదని భయపడి ఈ పుస్తకం వదిలేయకండి. బూతులు కొంచెం ఉన్నాయి, చిన్నపిల్లలకు ఇచ్చేముందు చూసుకోండి. ఇంగ్లీషు తేలికే, ఇంటర్ పిల్లలు హాయిగా చదవగలరు.

ఇప్పుడు టైము రెండున్నర దాటింది. అదిగో, నాన్నగారు మీటరు పట్టుకుని ఆక్సిజన్ చూడటానికి దిగుతున్నారు. ఆయన ఇంకా చివరి ముప్ఫై పేజీలు వినలేదు. రొయ్యల పట్టుబడి అయ్యాక చదువుదాం అన్నారు, ఇంకా పన్నెండు రోజులుంది. మా ఊరివాళ్ళు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, దయచేసి వాట్నీ ఇల్లు చేరాడో లేదో ఆయనకి చెప్పకండి.