సీల్ పోయిందంటే తప్పు సీల్‌దేనా?

"పంపు సీల్ మళ్లీ లీకయింది, ఈసారి వేరే కంపెనీది వేద్దాం." రిఫైనరీల్లో ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే ఫ్యూజ్‌ని తిడతామా, లైన్ చూస్తామా?

తిరిగే షాఫ్ట్ పంపులోంచి బయటికొచ్చే చోట ద్రవం కారకుండా ఆపేదే మెకానికల్ సీల్. అందులో ఎదురెదురుగా రెండు రింగుల ముఖాలుంటాయి, వాటినే ఫేసులంటాం. తిరిగే ఫేస్‌కీ, కదలని ఫేస్‌కీ మధ్య సందు మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు లెక్కన ఒకటో రెండో. ఆ సందులోని పల్చటి ద్రవమే వాటికి లూబ్రికేషన్. అంత సున్నితం కాబట్టే, పంపులో తేడా ఎక్కడొచ్చినా తరచూ ముందు బయటపడేది సీల్ దగ్గర.

[స్క్రీన్ మీద: పంపు కర్వ్]

ఇదిగో బీఈపీ, పంపు అత్యంత సమర్థంగా నడిచే ఫ్లో. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పంపులకి పెట్టిన స్టాండర్డ్ ఏపీఐ 610 ప్రకారం అందులో 70 నుంచి 120 శాతం మధ్య నడపడం మంచిది. మనవాళ్లు నడిపేది? చాలాచోట్ల 40 శాతం దగ్గర. డిజైన్‌లో ప్రాసెస్ వాళ్లు కొంత మార్జిన్ కలుపుతారు, ప్రాజెక్ట్ వాళ్లు ఇంకొంత. తీరా పెద్ద పంపు వచ్చి కూర్చుంటుంది. ఆపరేటర్ పాపం పంపు బయటికి తోసే వైపున్న డిశ్చార్జ్ వాల్వ్‌ని కొంత మూసి నెట్టుకొస్తాడు.

ఫ్లో అంత తగ్గితే కేసింగ్‌లో, అంటే పంపు డొప్పలో, ద్రవాన్ని తోసే చక్రం ఇంపెల్లర్ చుట్టూ ప్రెషర్ సమానంగా ఉండదు. అది ఇంపెల్లర్‌ని పక్కకి తోస్తుంది, షాఫ్ట్ వంగి తిరుగుతుంది. సీల్ ఫేసుల దగ్గర ఆ వంపు 50 మైక్రాన్లు దాటకూడదని అదే స్టాండర్డ్ చెబుతోంది. సందు ఒకటి రెండు మైక్రాన్లన్నది మర్చిపోకండి!

ఇప్పుడు ఖరీదైన సీల్ తెచ్చి వేయడమంటే ఫ్యూజ్‌లో లావు తీగ కట్టడమే. కొన్నాళ్లు లాగుతుంది, ఈలోగా దెబ్బ బేరింగ్ మీద పడుతుంది. ఒక్క తేడా ఉంది. ఫ్యూజ్ పోతే కరెంటు ఆగుతుంది, సీల్ పోతే హైడ్రోకార్బన్ బయటికొస్తుంది. అందుకే ఇది మెయింటెనెన్స్ ఖర్చుతో తేలే విషయం కాదు.

సీల్స్ స్టాండర్డ్ ఏపీఐ 682 సీల్‌కి పెట్టిన లక్ష్యం 25,000 గంటలు, అంటే దాదాపు మూడేళ్లు. మీది మూడు నెలలకే పోతోందా? టైమ్ లేదు, గబగబా చెప్పేస్తా. పాత సీల్‌ని కడగకముందే ఫేసులు చూడండి. అరిగిన గీత ఫేస్ కంటే వెడల్పుగా ఉంటే షాఫ్ట్ ఊగుతోంది, పంపు, మోటార్ షాఫ్టుల అలైన్‌మెంట్, బేరింగ్, పైప్ స్ట్రెయిన్ (పైపులు పంపుని లాగడం) చెక్ చేయండి. సన్నటి పగుళ్లుంటే ఫేసులు ఎండిపోయి వేడెక్కాయి, సీల్‌కి చల్లటి, శుభ్రమైన ద్రవం పంపే ఫ్లష్ లైన్, పంపులోకి వచ్చే వైపు సక్షన్ ప్రెషర్ చూడండి. బయటివైపు కోక్ (నల్లటి గట్టి మసి) పేరుకుంటే, సీల్ బయటివైపుకి ఆవిరి పంపే స్టీమ్ క్వెంచ్ సంగతి చూడండి. కొత్త సీల్‌కి ఆర్డర్ ఇవన్నీ అయ్యాకే.